ఐ-20 వచ్చింది, మరి అక్రిడిటేషన్?

పోయిన సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు, భోగి రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక పెదనాన్న నన్ను వరండాలోకి పిలిచి ఒక ప్లాస్టిక్ ఫైలు చేతిలో పెట్టారు. మా అక్క ఎంఎస్‌కి అమెరికా వెళ్దామనుకుంటోంది. కన్సల్టెన్సీ వాళ్లు మూడు కాలేజీలు సూచించి, వాటి కాగితాలన్నీ ఆ ఫైల్లో పెట్టి ఇచ్చారు. "నువ్వు కంప్యూటర్లే కదమ్మా చదివేది, ఇవి మంచివో కాదో కాస్త చూసి చెప్పు" అన్నారు పెదనాన్న. కంప్యూటర్ సైన్స్ చదివితే ప్రపంచంలో అన్నీ తెలుస్తాయని మా ఇంట్లో నమ్మకం. ప్రింటర్ పనిచేయకపోయినా నన్నే పిలుస్తారు.

మూడు కాలేజీల కాగితాల మీదా "అక్రిడిటెడ్" అని అందంగా అచ్చేసి ఉంది. కన్సల్టెన్సీ ఆయన ఒకటే మాట చెప్పాడట: "ఐ-20 వచ్చిందంటే అంతా ఓకే అండీ. గవర్నమెంట్ ఒప్పుకోకపోతే ఐ-20 ఎలా ఇస్తారు?" వినడానికి సబబుగానే ఉంది. నేనూ నమ్మేశాను. కానీ పెదనాన్న అప్పటికే రెండెకరాల మిర్చి చేను బ్యాంకులో పెట్టడానికి పాస్‌బుక్కులు బయటికి తీశారు. అది చూశాక ఊరికే తలూపి ఫైలు వెనక్కి ఇవ్వలేకపోయాను. ఆ తర్వాత రెండు వారాలు ల్యాబ్ రికార్డులు పక్కన పెట్టి చదివిందే ఈ వ్యాసం. మన క్లబ్బులో సగం మందికి జీఆర్ఈ పుస్తకాలు ఉన్నాయి కాబట్టి పనికొస్తుందనుకుంటున్నాను. నా తెలుగులో తప్పులుంటే ఎడిటర్ గారు దిద్దుతారు, పదో తరగతి దాకా నాది ఇంగ్లీష్ మీడియమే.

న్యాక్‌తో మొదలుపెడదాం

అక్రిడిటేషన్ అనగానే నాకు గుర్తొచ్చేది మన కాలేజీకి న్యాక్ టీమ్ వచ్చిన రోజులు. వరండాల్లో పూలకుండీలు పెట్టారు, లైబ్రరీలో తెలుగు పుస్తకాల బీరువా తాళం నేను చేరాక మొదటిసారి తీశారు (అందుకు న్యాక్‌కి నా కృతజ్ఞతలు). మనకి ఈ పద్ధతి పైనుంచి కిందికి వస్తుంది. న్యాక్‌ని 1994లో యూజీసీ పెట్టింది. అదే ఏడాది సాంకేతిక కోర్సుల కోసం ఏఐసీటీఈ ఎన్‌బీఏని పెట్టింది. కాలేజీకి గ్రేడు ఇస్తారు, ఆ గ్రేడు గేటు మీద బ్యానర్ అవుతుంది.

అమెరికాలో కథ తిరగబడి ఉంటుంది. అక్కడ అక్రిడిటేషన్ ప్రభుత్వం మొదలుపెట్టలేదు. కాలేజీలే కలిసి మొదలుపెట్టుకున్నాయి. పందొమ్మిదో శతాబ్దం చివర్లో అక్కడ "కాలేజీ" అంటే ఏమిటో ఎవరికీ సరిగ్గా తెలీదు. హైస్కూలుకి కూడా కాలేజీ అని బోర్డు పెట్టుకునేవాళ్లు. ఎక్కడ చదివొచ్చిన పిల్లాణ్ణి చేర్చుకోవాలి, ఎవణ్ణి వద్దనాలి అన్న తలనొప్పి తీర్చుకోడానికి ఒక్కో ప్రాంతంలోని కాలేజీలు, స్కూళ్లు సంఘాలు కట్టాయి. న్యూ ఇంగ్లండ్ సంఘం 1885లో, మిడిల్ స్టేట్స్ సంఘం 1887లో, దక్షిణాది సంఘం, నార్త్ సెంట్రల్ సంఘం రెండూ 1895లో, వాయవ్య సంఘం 1917లో, కాలిఫోర్నియా వైపు ఉండే పశ్చిమ సంఘం 1962లో పుట్టాయి. "రీజనల్ అక్రిడిటేషన్" అనే మాట ఇక్కణ్ణుంచే వచ్చింది. ఈ ఆరు ప్రాంతాల్లో ఇప్పుడు కాలేజీల కోసం ఏడు కమిషన్లు ఉన్నాయి, పశ్చిమాన రెండేళ్ల కాలేజీలకి వేరు, నాలుగేళ్ల యూనివర్సిటీలకి వేరు కాబట్టి. షికాగోలో ఉండే హయ్యర్ లర్నింగ్ కమిషన్ ఒక్కదాని పరిధిలోనే పందొమ్మిది రాష్ట్రాలుండేవి. మన వాళ్లు ఎక్కువగా వెళ్లే టెక్సస్ దక్షిణాది కమిషన్ కింద, మిస్సోరి, ఇల్లినాయ్ షికాగో కమిషన్ కింద.

ఇవన్నీ ప్రైవేటు సంస్థలు, లాభాపేక్ష లేనివి. సభ్య కాలేజీలు కట్టే ఫీజులతో నడుస్తాయి. మరి ప్రైవేటు క్లబ్బులో సభ్యత్వానికి అంత విలువెందుకు? డబ్బు వల్ల. 1944లో జీఐ బిల్ అనే చట్టం తెచ్చి యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకి ప్రభుత్వం చదువు ఖర్చు ఇచ్చింది. వెంటనే ఆ డబ్బు కోసమే పుట్టిన బోగస్ స్కూళ్లు వెలిశాయి. (ఫీజు రీయింబర్స్‌మెంట్ చూసినవాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.) దాంతో 1952 చట్టంలో ఒక ఏర్పాటు చేశారు. ప్రభుత్వం తనే వెళ్లి ప్రతి కాలేజీనీ తనిఖీ చేయదు, నమ్మదగ్గ అక్రిడిటింగ్ సంస్థల జాబితా ఒకటి ప్రకటిస్తుంది, వాళ్లు సరే అన్న కాలేజీకే డబ్బు వెళ్తుంది. 1965 ఉన్నత విద్యా చట్టం దీన్ని ఇంకా గట్టి చేసింది. ఇవాళ ఫెడరల్ విద్యార్థి సహాయం ఏడాదికి వంద బిలియన్ డాలర్లు దాటుతుంది. అక్రిడిటేషన్ పోయిందంటే ఆ కుళాయి కట్టేసినట్టే. మనలాంటి విదేశీ విద్యార్థులకి ఆ డబ్బులో ఒక్క డాలరూ రాదు. కానీ ఆ డబ్బు ఆగితే చాలా కాలేజీలు బతకవు, కాలేజీ మూతపడితే మనం రోడ్డు మీద ఉంటాం.

మొదటిసారి ఎలా వస్తుంది

కొత్త కాలేజీ ఒకటి తెరిచారనుకోండి. ముందు రాష్ట్ర ప్రభుత్వం నుంచి నడపడానికి అనుమతి తెచ్చుకోవాలి. ఇది అక్రిడిటేషన్ కాదు, షాపుకి లైసెన్సు లాంటిది. తర్వాత కమిషన్‌కి దరఖాస్తు. కనీస అర్హతలున్నాయో లేదో చూసి "క్యాండిడేట్" హోదా ఇస్తారు, అంటే అభ్యర్థి. ఇది కొన్నేళ్లు సాగుతుంది, ఫెడరల్ నిబంధన ప్రకారం ఐదేళ్లు మించకూడదు. ఆ లోపల అన్ని ప్రమాణాలకీ తూగుతున్నట్టు చూపిస్తే మొదటి గుర్తింపు వస్తుంది, లేకపోతే లేదు.

దీనికి నాకు నచ్చిన ఉదాహరణ కాలిఫోర్నియా యూనివర్సిటీ మెర్సెడ్ క్యాంపస్. బర్క్‌లీ, యూసీఎల్ఏ ఉన్న కుటుంబంలోనే పుట్టిన క్యాంపస్ అది. 2005లో తెరిచారు. అంత పెద్దింటి పిల్లే అయినా పూర్తి అక్రిడిటేషన్ వచ్చింది 2011లో. ఆరేళ్లు. "మాకు వచ్చే ఏడాది వచ్చేస్తుంది" అని ఏ కొత్త కాలేజీ చెప్పినా ఈ ఆరేళ్లు గుర్తు తెచ్చుకోండి. ఇంకో తిరకాసు కూడా ఉంది. పూర్తి గుర్తింపు ఇవ్వడానికి సాధారణంగా కనీసం ఒక బ్యాచ్ చదువు పూర్తి చేసి బయటికి వచ్చి ఉండాలంటారు. అంటే ఆ మొదటి బ్యాచ్ ఎవరో ఒకరు ధైర్యం చేసి చేరాలి. ఆ ధైర్యం అప్పు తీసుకున్న వాళ్లు చేయాల్సిన పని కాదని నా అభిప్రాయం.

ఏం చూస్తారంటే: కాలేజీ తన గురించి చెప్పుకునే లక్ష్యం, దానికి సరిపోయే పాఠ్యాలు, లెక్చరర్ల అర్హత, డబ్బు లెక్కలు, పాలకమండలి ఎంత స్వతంత్రంగా ఉంది, ప్రకటనల్లో నిజం చెబుతున్నారా, పిల్లలు నిజంగా నేర్చుకుంటున్నారని రుజువు ఉందా. కొన్నిచోట్ల చాలా నిర్దిష్టంగా ఉంటుంది. ఉదాహరణకి దక్షిణాది కమిషన్ మార్గదర్శకాల్లో, డిగ్రీ పిల్లలకి పాఠం చెప్పేవాళ్లకి ఆ సబ్జెక్టులో మాస్టర్స్ ఉండాలి, వేరే మాస్టర్స్ అయితే కనీసం ఈ సబ్జెక్టులో పీజీ స్థాయి పద్దెనిమిది క్రెడిట్లైనా చదివి ఉండాలి.

పద్ధతి మాత్రం మనకి తెలిసినదే. కాలేజీ ముందు తన గురించి తనే ఒక పెద్ద నివేదిక రాసుకుంటుంది. మన సెల్ఫ్ స్టడీ రిపోర్టుకి ఇది అన్న లాంటిది. దీనికి ఏడాది, రెండేళ్లు పడుతుంది, కమిటీల మీద కమిటీలు. తర్వాత వేరే కాలేజీల లెక్చరర్లు, డీన్లు, అకౌంట్లు చూసేవాళ్లు ఒక బృందంగా వచ్చి రెండు మూడు రోజులు ఉంటారు. వాళ్లు జీతానికి పనిచేసే ఇన్స్పెక్టర్లు కారు, స్వచ్ఛందంగా వచ్చినవాళ్లు. రికార్డులు చూస్తారు, విద్యార్థులతో మాట్లాడతారు, నివేదిక రాస్తారు. తుది నిర్ణయం వాళ్లది కాదు, కమిషన్‌ది. ఏ ప్లస్ ప్లస్ లాంటి గ్రేడ్లు ఉండవు. ఉంది, లేదు, లేదా ఉంది కానీ ప్రమాదంలో ఉంది. అంతే.

ఆ మూడోదే మనం చదవడం నేర్చుకోవాల్సింది.

ఒకసారి వస్తే సరిపోదు

గుర్తింపు శాశ్వతం కాదు. షికాగో కమిషన్ వాళ్ల మామూలు పద్ధతిలో పదేళ్ల చక్రం ఉంటుంది, నాలుగో ఏడు ఒక సమీక్ష, పదో ఏడు పూర్తి తనిఖీ. దక్షిణాదిలోనూ పదేళ్లే, ఐదో ఏడు మధ్యంతర నివేదిక. మిడిల్ స్టేట్స్ వాళ్లది ఎనిమిదేళ్లు, వాయవ్యం వాళ్లది ఏడేళ్లు. మధ్యలో ఖాళీగా ఉండరు, ఏటా విద్యార్థుల సంఖ్య, ఆర్థిక లెక్కలు పంపాలి. కొత్త క్యాంపస్ పెట్టినా, యాజమాన్యం మారినా ముందే చెప్పి అనుమతి తీసుకోవాలి.

తేడా వస్తే మెట్లు మెట్లుగా వస్తుంది. పేర్లు కమిషన్‌ని బట్టి మారతాయి కానీ వరస దాదాపు ఇది: మొదట హెచ్చరిక, తర్వాత ప్రొబేషన్, తర్వాత "షో కాజ్" అంటే మీ గుర్తింపు ఎందుకు తీసేయకూడదో మీరే చెప్పండి అని. ఆఖరికి రద్దు. వీటన్నిటిలోనూ రద్దు అయ్యేదాకా కాలేజీ అక్రిడిటెడ్ కిందే లెక్క. అందుకే బ్రోచర్ మీద ఆ మాట అబద్ధం కాదు. అది ఎన్నో మెట్టు మీద నిలబడి ఆ మాట అంటోందో బ్రోచర్ చెప్పదు.

శాన్‌ఫ్రాన్సిస్కో సిటీ కాలేజీ సంగతి చదివాక నాకు ఈ మెట్లు బాగా అర్థమయ్యాయి. 1935 నుంచి ఉన్న ప్రభుత్వ కమ్యూనిటీ కాలేజీ అది. 2012 నాటికి 80 వేలకు పైగా విద్యార్థులు. వలస వచ్చినవాళ్లు ఇంగ్లీష్ నేర్చుకునేదీ, నర్సులయ్యేదీ, పగలంతా పనిచేసి సాయంత్రం చదువుకునేదీ అక్కడే. 2012 జూలైలో రెండేళ్ల కాలేజీల కమిషన్ ఆ కాలేజీని సరాసరి "షో కాజ్" మెట్టు మీద నిలబెట్టింది. హెచ్చరిక లేదు, ప్రొబేషన్ లేదు. పద్నాలుగు లోపాలు చూపించింది. అవి ప్రధానంగా డబ్బు నిర్వహణ, నాయకత్వం, ప్రణాళికల గురించి. పాఠాలు బాగా చెప్పడం లేదన్నది పెద్ద ఆరోపణే కాదు! ఏడాది తర్వాత, 2013 జూలైలో, 2014 జూలై 31తో గుర్తింపు రద్దు అని ప్రకటించింది. ఎన్నికైన పాలకమండలిని పక్కన పెట్టి రాష్ట్రం ఒక ప్రత్యేకాధికారిని కూర్చోబెట్టింది.

రద్దు ఇంకా ఏడాది దూరంలో ఉంది. కానీ విద్యార్థులు ఆగుతారా? వేల మంది వెళ్లిపోయారు. విద్యార్థులు తగ్గితే రాష్ట్రం ఇచ్చే డబ్బు తగ్గుతుంది, డబ్బు తగ్గితే "మీ ఆర్థిక పరిస్థితి బాగోలేదు" అన్న మాట ఇంకా నిజమవుతుంది. ఇన్ఫినిట్ లూప్ అంటే ఇదే.

ఆగస్టులో రెండు సంగతులు జరిగాయి. శాన్‌ఫ్రాన్సిస్కో సిటీ అటార్నీ డెన్నిస్ హెరెరా కమిషన్ మీదే కేసు వేశాడు. ఇంకోవైపు ఫెడరల్ విద్యాశాఖ కమిషన్‌ని తప్పుపట్టింది: తనిఖీ బృందాల్లో పాఠాలు చెప్పేవాళ్లు తగినంత మంది లేరని, కమిషన్ అధ్యక్షురాలి భర్తే ఆ కాలేజీ తనిఖీ బృందంలో ఉండటం స్వప్రయోజనాల ఘర్షణలా కనిపిస్తోందని. (ఇక్కడ మన పెళ్లిళ్ల పేరయ్యలు గుర్తొచ్చారు నాకు.) 2014 జనవరిలో కోర్టు రద్దుని ఆపింది. 2015లో తీర్పు వచ్చింది. కమిషన్ చట్టాన్ని ఉల్లంఘించింది, కొత్తగా ఎత్తిచూపిన లోపాలకి కాలేజీ జవాబు చెప్పుకునే అవకాశమే సరిగ్గా ఇవ్వలేదు అని జడ్జి కర్టిస్ కార్నో అన్నారు. 2017 జనవరిలో అదే కమిషన్ అదే కాలేజీకి మళ్లీ ఏడేళ్లకి గుర్తింపు ఇచ్చింది.

ఈ ఐదేళ్లలో కాలేజీ ఒక్క రోజు కూడా గుర్తింపు కోల్పోలేదు. అయినా వెళ్లిపోయిన వేల మందికి ఆ సంగతి చెప్పి ఏం లాభం?

అలా అని కమిషన్లన్నీ విలన్లని నేను అనను. నార్త్ కెరొలైనాలో బెనెట్ కాలేజీ అని నల్లజాతి అమ్మాయిల కోసం నడిచే పాత కాలేజీ ఉంది. 2018 డిసెంబర్లో దక్షిణాది కమిషన్ ఒకే ఒక్క కారణంతో, డబ్బు చాలదని, గుర్తింపు తీసేసింది. కాలేజీ వాళ్లు రెండు నెలల్లో ఐదు మిలియన్ డాలర్లు కావాలని జనాన్ని అడిగితే ఎనిమిది మిలియన్లకు పైగా వచ్చాయి. చదువుతుంటే కళ్లు చెమర్చాయి, నిజంగా. అయినా 2019 ఫిబ్రవరిలో అప్పీలు కొట్టేశారు. కాలేజీ కోర్టుకెక్కింది, తర్వాత ఇంకో అక్రిడిటింగ్ సంస్థ నీడకి చేరింది. ఒకసారి చందాలు వసూలైతే కాలేజీ ఆరోగ్యం బాగుపడ్డట్టేనా అన్న కమిషన్ ప్రశ్నలో న్యాయం ఉంది. అంత మంది చేయి అందించిన కాలేజీని తోసేయడంలో కఠినత్వమూ ఉంది. నాకు ఇప్పటికీ ఎటువైపు ఉండాలో తేల్చుకోవడం కుదరలేదు.

గుర్తింపు ఇచ్చేవాళ్లకి గుర్తింపు ఎవరిస్తారు

సీఎస్ వాళ్లకి ఇది సులువుగా అర్థమవుతుంది. మనం బ్రౌజర్లో బ్యాంకు సైటు తెరిస్తే తాళం గుర్తు కనిపిస్తుంది కదా. ఆ సైటుకి ఒక సర్టిఫికెట్ సంస్థ పూచీ పడుతుంది. ఆ సంస్థని నమ్మాలా వద్దా అన్న జాబితా బ్రౌజర్లో ఉంటుంది. 2011లో డిజినోటార్ అనే డచ్ సంస్థ హ్యాక్ అయితే బ్రౌజర్లు దాన్ని జాబితాలోంచి పీకేశాయి. అది పూచీ పడ్డ సైట్లన్నీ, ఏ తప్పూ చేయకపోయినా, ఎర్ర హెచ్చరిక చూపించడం మొదలుపెట్టాయి.

అచ్చం ఇదే ఏసీఐసీఎస్ విషయంలో జరిగింది. అది ప్రాంతీయ కమిషన్ కాదు, దేశమంతా లాభాపేక్ష ఉన్న కాలేజీలకి ఎక్కువగా గుర్తింపు ఇచ్చిన "నేషనల్" సంస్థ. ("నేషనల్" అంటే "రీజనల్" కంటే పెద్దదేమో అని మనకి అనిపిస్తుంది. అమెరికాలో పరువు రీజనల్‌కే ఎక్కువ. నేషనల్ కాలేజీలో చదివిన క్రెడిట్లు రీజనల్ కాలేజీలు చాలాసార్లు ఒప్పుకోవు.) కొరింథియన్ కాలేజెస్, ఐటీటీ టెక్ లాంటి పెద్ద గొలుసు కాలేజీలు 2015, 2016లో వరసగా కుప్పకూలాయి. ఇలాంటివాటికి చివరిదాకా సరే సరే అంటూ వచ్చారని, 2016 డిసెంబర్లో ఫెడరల్ విద్యాశాఖ ఏసీఐసీఎస్ గుర్తింపునే తీసేసింది. 2018లో తర్వాతి ప్రభుత్వం తిరిగి ఇచ్చింది. 2022 ఆగస్టులో ఇంకోసారి తీసేశారు. దాని కింద ఉన్న కాలేజీలకి వేరే గూడు వెతుక్కోడానికి పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు. కానీ స్టెమ్ ఓపీటీ పొడిగింపు కావాల్సిన విద్యార్థులకి అలాంటి గడువు దొరకలేదు. చదువు తర్వాత పన్నెండు నెలల మీద ఇంకో ఇరవైనాలుగు నెలలు పనిచేసుకోడానికి ఇచ్చేది అదే. దానికి కాలేజీ అక్రిడిటేషన్, విద్యాశాఖ గుర్తించిన సంస్థ నుంచే, దరఖాస్తు సమయానికి ఉండి తీరాలి.

హెచ్1బీలో మాస్టర్స్ వాళ్లకి విడిగా ఉండే ఇరవై వేల కోటా ఇంకా కచ్చితం. కాలేజీ ప్రభుత్వానిదో, లాభాపేక్ష లేనిదో అయ్యుండాలి, మనకి డిగ్రీ వచ్చిన నాటికే దానికి ఆ అర్హత ఉండాలి. తర్వాత వచ్చిన గుర్తింపు వెనక్కి వర్తించదని 2017లో ఇమిగ్రేషన్ అప్పీళ్ల విభాగం తేల్చి చెప్పింది.

ఇంకో ముక్క. 2020 జూలై నుంచి ఫెడరల్ నిబంధనల్లో రీజనల్, నేషనల్ అనే తేడా తీసేశారు. కమిషన్లు తమ పాత హద్దులు దాటి ఏ రాష్ట్రంలోనైనా కాలేజీలని చేర్చుకోవచ్చు. 2022లో ఫ్లోరిడా తన ప్రభుత్వ కాలేజీలు కమిషన్ మార్చుకోవాలని చట్టం కూడా చేసింది. రాజకీయం చాలా ఉంది, దాంట్లోకి నేను వెళ్లను. మన కన్సల్టెన్సీలు మాత్రం ఇప్పటికీ "రీజనల్లీ అక్రిడిటెడ్" అనే అమ్ముతున్నాయి. ఆ మాట విన్నప్పుడు అడగాల్సింది కమిషన్ పేరు.

మన వాళ్ల దగ్గరికొస్తే

ఇప్పుడు కన్సల్టెన్సీ ఆయన మాటకి వస్తాను. ఐ-20 ఇచ్చే అధికారం కాలేజీకి వచ్చేది విద్యాశాఖ నుంచి కాదు, హోంల్యాండ్ సెక్యూరిటీ కింద ఉండే ఎస్ఈవీపీ విభాగం నుంచి. అదీ ఇదీ వేరువేరు. అక్రిడిటేషన్ లేని కాలేజీ కూడా, గుర్తింపు ఉన్న మూడు కాలేజీలు మా క్రెడిట్లు తీసుకుంటాయని ఉత్తరాలు చూపిస్తే ఆ అధికారం పొందే వీలుంది. ట్రై-వ్యాలీ ఈ సందులోంచే దూరింది. కాలిఫోర్నియాలో ప్లెజంటన్ అనే ఊళ్లో ఉన్న ఆ యూనివర్సిటీకి అక్రిడిటేషన్ లేదు, ఐ-20లు మాత్రం 2009 నుంచి ఇచ్చింది. 2011 జనవరిలో అధికారులు దాడి చేసేనాటికి సుమారు 1,500 మంది విద్యార్థులు, అత్యధికులు మన తెలుగు వాళ్లు. రికార్డుల్లో వందల మంది సన్నీవేల్‌లో ఒకే అపార్ట్‌మెంట్ చిరునామాలో ఉంటున్నట్టు రాసి ఉంది. కొందరు పిల్లల కాళ్లకి రేడియో ట్యాగులు కట్టారు. ఆ ఫొటోలు పేపర్లో చూసి మా అమ్మ ఏడ్చిందట, నేనప్పుడు బళ్లో చేరానో లేదో. యూనివర్సిటీ పెట్టిన సూసన్ సూకి 2014లో పదహారేళ్లకు పైగా జైలుశిక్ష పడింది.

ఫార్మింగ్టన్ యూనివర్సిటీ ఇంకా క్లిష్టం. మిచిగన్‌లో దాన్ని నడిపింది ఇమిగ్రేషన్ అధికారులే, వీసా దందాలు పట్టుకోడానికి వేసిన వల. తరగతుల్లేవు, లెక్చరర్లు లేరు. కానీ ఒక నేషనల్ అక్రిడిటింగ్ సంస్థ జాబితాలో దాని పేరు ఉంది, ప్రభుత్వమే అడిగి పెట్టించింది. 2019 జనవరిలో అరెస్టులు మొదలయ్యాయి. పట్టుబడ్డవాళ్లలో మళ్లీ మనవాళ్లే ఎక్కువ. తెలిసి చేరిన వాళ్లూ ఉన్నారు, మోసపోయామన్న వాళ్లూ ఉన్నారు. ఫీజు తిరిగివ్వాలన్న ఒక కేసు ముందుకు సాగవచ్చని 2024లో అప్పీళ్ల కోర్టు చెప్పింది. జాబితా చూసుకోవడం ఒక్కటే చాలదని ఈ కథ చదివాక అర్థమైంది. జాబితాలో పేరున్నా, అక్కడ నిజంగా పాఠాలు జరుగుతున్నాయా అని ఇప్పుడు చదువుతున్న ఒక్క సీనియర్‌నైనా అడగాలి.

ఇక పెదనాన్న ఫైలు. అమెరికా విద్యాశాఖ వాళ్ల సైట్లో గుర్తింపు ఉన్న కాలేజీల డేటాబేస్ ఉంది, డాపిప్ అంటారు. ఎవరైనా ఉచితంగా వెతకొచ్చు. కాలేజీ పేరు కొడితే ఏ సంస్థ గుర్తింపు, ఎప్పటి నుంచి, ఇప్పుడు ఏ హోదా అన్నీ వస్తాయి. ఆ తర్వాత కమిషన్ సొంత సైటుకెళ్లి, కాలేజీకి రాసిన నిర్ణయాల ఉత్తరాలు చదవాలి. ఆ ఉత్తరాల ఇంగ్లీష్ మర్యాదగా ఉంటుంది, జాగ్రత్తగా చదివితే కానీ తిట్టు కనపడదు.

మొదటి కాలేజీ పేరు డేటాబేస్‌లో లేనే లేదు. దానికి గుర్తింపు ఇచ్చిన సంస్థ పేరు మాత్రం చాలా గంభీరంగా, "ఇంటర్నేషనల్", "కౌన్సిల్" అన్న మాటలతో ఉంది. ఆ సంస్థ విద్యాశాఖ జాబితాలో లేదు. మూడోది అన్నీ సక్రమంగా ఉన్న ప్రభుత్వ యూనివర్సిటీ, ఫీజు మాత్రం రెండోదాని కంటే బాగా ఎక్కువ.

రెండోదే చిక్కు. నిజమైన కమిషన్, నిజమైన గుర్తింపు, దశాబ్దాల నుంచి. హోదా దగ్గర "ప్రొబేషన్" అని ఉంది. కమిషన్ ఉత్తరం తీశాను. కారణం డబ్బు: వరసగా లోటు బడ్జెట్లు, విద్యార్థులు తగ్గడం. పెదనాన్న అప్పటికే డిపాజిట్ కట్టింది ఈ కాలేజీకే.

ఫోన్లో చెప్పడానికి నాకు తెలుగు మాట దొరకలేదు. "ప్రొబేషన్ అంటే ఏంటమ్మా, సస్పెండ్ చేశారా?" అని అడిగారు పెదనాన్న. "లేదు పెదనాన్నా, పంటకి తెగులు పట్టింది, ఇంకా చచ్చిపోలేదు, మందు కొడుతున్నారు" అన్నాను. ఆయనకి వెంటనే అర్థమైంది. కాసేపు మాట్లాడలేదు. "తెగులు పట్టిన చేను కౌలుకి తీసుకుంటామా?" అన్నారు. అక్క వెనకనుంచి "అది బతికే తెగులో కాదో ఎలా తెలుస్తుంది, అడుగు నాన్నా" అంటోంది. మంచి ప్రశ్న. సిటీ కాలేజీ బతికింది, ఐటీటీ టెక్ చచ్చిపోయింది.

ఆ రాత్రి అక్కా నేనూ కలిసి కాలేజీ అంతర్జాతీయ ఆఫీసుకి మెయిల్ రాశాం. మూడే అడిగాం: కమిషన్ తుది నిర్ణయం ఎప్పుడు, మూసేయాల్సి వస్తే చదువుతున్నవాళ్లని ఏ కాలేజీకి చేరుస్తారో ఒప్పందం ఉందా, ఈ ఫాల్‌కి బదులు వచ్చే స్ప్రింగ్‌కి మారితే డిపాజిట్ నిలుస్తుందా. నాలుగు రోజులకి జవాబొచ్చింది. నిర్ణయం జూన్ మీటింగ్‌లో. ఒప్పందం "తయారీలో ఉంది". డిపాజిట్ స్ప్రింగ్‌కి మారుస్తారు, వెనక్కి మాత్రం ఇవ్వరు.

అక్క స్ప్రింగ్‌కి మార్చుకుంది. మూడో కాలేజీకి కూడా విడిగా తనే అప్లై చేసింది, కన్సల్టెన్సీ లేకుండా. పాస్‌బుక్కులు మళ్లీ బీరువాలోకి వెళ్లాయి, జూన్ దాకా.